జాతీయ ప్రయోజనం అంటే ఏమిటి, ఎవరు తేలుస్తారు, ఖర్చు ఎవరిది? శ్రీకాకుళం, విజయనగరం నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీ చదువుతున్నవాళ్లు, గ్రూప్స్‌కి తయారవుతున్నవాళ్లు, ఒక్కోసారి వాళ్ల తల్లిదండ్రులు కూడా ఈ విషయంలో అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. కొందరు మార్కుల కోసం అడుగుతారు. కొందరు ఊరి పక్కన ప్రాజెక్టు వస్తుందని తెలిసి టెన్షన్‌తో అడుగుతారు. ఇద్దరికీ కావలసింది ఒకటే: దేశం దేన్ని వదులుకోలేను అంటుంది, ఎందుకంటుంది, దాని భారం ఎవరి మీద పడుతుంది. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకునేలా రాశాను.

## మొదటిసారి చదువుతున్నవాళ్లకు

మాస్టారూ, జాతీయ ప్రయోజనం అంటే ఒక్క ముక్కలో ఏమిటి?

ఏది పోతే దేశం దేశంగా నిలబడదో, ఏది లేకపోతే అందులోని జనం తమ ఇష్టప్రకారం బతకలేరో అదే జాతీయ ప్రయోజనం. భూభాగం చెక్కుచెదరకుండా ఉండటం, బయటివాళ్ల ఒత్తిడి లేకుండా నిర్ణయాలు తీసుకోవడం, రాజ్యాంగ వ్యవస్థ నిలవడం, తిండికీ ఇంధనానికీ విదేశీ మారక ద్రవ్యానికీ కొరత రాకపోవడం, భాషలూ సంస్కృతీ బతకడం ఇందులోకి వస్తాయి. మొదటి రెండింటి గురించి టీవీల్లో రోజూ వింటాం. చివరి రెండూ ఇంట్లో తగిలేవి. ఈ మాట ఎవరు వాడినా మూడు సంగతులు అడగాలి: ఇది ముఖ్యమని తేల్చింది ఎవరు, ఏ చట్టం ప్రకారం, ఖర్చు భరించేది ఎవరు. మూడోది అడగకుండా వదిలేస్తే మొదటి రెండూ తెలిసినా లాభం లేదు.

అన్నీ ముఖ్యమే అంటే ఎలా? వీటిలో మెట్లు ఉండవా?

ఉంటాయి. అమెరికాలో 1996లో ఒక కమిషన్ తమ దేశ ప్రయోజనాలను నాలుగు మెట్లుగా విడగొట్టింది: ప్రాణప్రదమైనవి, చాలా ముఖ్యమైనవి, ముఖ్యమైనవి, తక్కువ ముఖ్యమైనవి. చైనా 2011లో విడుదల చేసిన శ్వేతపత్రంలో తన కీలక ప్రయోజనాలు ఆరు అని రాసుకుంది: సార్వభౌమాధికారం, జాతీయ భద్రత, భూభాగ సమగ్రత, దేశ పునరేకీకరణ, రాజ్యాంగం నెలకొల్పిన రాజకీయ వ్యవస్థతో పాటు సామాజిక స్థిరత్వం, ఆర్థిక సామాజిక అభివృద్ధికి కావలసిన భరోసా. తమ పాలనా వ్యవస్థను కూడా ఆ జాబితాలోనే పెట్టుకున్నారు, గమనించండి.

మెట్లు ఎందుకంటే, పై మెట్టు విషయంలో దేశం యుద్ధానికైనా సిద్ధపడుతుంది. కింది మెట్టు విషయంలో బేరమాడుతుంది. అన్నిటినీ పై మెట్టు మీదే కూర్చోబెడితే బేరానికి చోటు ఉండదు.

మన దేశానికి అలాంటి జాబితా ఎక్కడ రాసి ఉంది?

ఒకే కాగితం మీద లేదు. భారత్ ఇంతవరకు సమగ్ర జాతీయ భద్రతా వ్యూహం పేరుతో పత్రం ప్రచురించలేదు. ముక్కలుగా వెతుక్కోవాలి. రాజ్యాంగ ప్రవేశికలో సార్వభౌమ, ప్రజాస్వామ్య, గణతంత్ర అన్న మాటలున్నాయి. 1963లో 16వ సవరణతో భావప్రకటనా స్వేచ్ఛపై ఆంక్షలకు 'దేశ సార్వభౌమత్వం, సమగ్రత' ఒక కారణంగా చేరింది. 51వ అధికరణ అంతర్జాతీయ శాంతి కోసం పాటుపడమంటుంది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీల ధర్మాసనం 7-6 మెజారిటీతో, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చలేదని తేల్చింది. దేశం వదులుకోకూడనిది ఏదో కోర్టు గీత గీసి చెప్పిన సందర్భం అది.

ఇంకో దారి, దేశం దేనికి 'కాదు' అన్నదో చూడటం. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంపై మనం సంతకం పెట్టలేదు. 2019 నవంబరులో ఆసియా-పసిఫిక్ దేశాల ఆర్‌సీఈపీ వాణిజ్య ఒప్పందం నుంచి తప్పుకున్నాం. ఉపన్యాసాల కంటే ఈ తిరస్కారాలు చూస్తేనే దేశం మనసు బాగా తెలుస్తుందని నా నమ్మకం.

ప్రభుత్వం మారితే జాతీయ ప్రయోజనం కూడా మారిపోతుందా?

పద్ధతులు మారతాయి, అసలు విషయం అంత తేలిగ్గా మారదు. 1974లో పోఖ్రాన్ పరీక్ష ఇందిరాగాంధీ హయాంలో జరిగింది, 1998లో పరీక్షలు వాజ్‌పేయి హయాంలో. 2008లో అమెరికాతో పౌర అణు ఒప్పందం మన్మోహన్ సింగ్ హయాంలో కుదిరింది. ఈ ప్రభుత్వాలను నడిపిన కాంగ్రెస్, బీజేపీ రాజకీయంగా వేరు. అణు విషయంలో మన నిర్ణయం మన చేతిలోనే ఉండాలన్న పట్టుదల మాత్రం ఒకటే.

పరీక్షలో దీని మీద ప్రశ్న వస్తే ఎలా రాయాలి?

నిర్వచనంతో పేజీ నింపకండి. ఒక నిర్ణయం తీసుకోండి, దాన్లో ఏ ప్రయోజనానికి ఏ ప్రయోజనం అడ్డొచ్చిందో చూపించండి, ఎవరు లాభపడ్డారో ఎవరు నష్టపోయారో రాయండి. మన జిల్లా ఉదాహరణ ఒకటి పెడితే చదివినదాన్ని అన్వయించగలరని దిద్దేవాళ్లకు తెలుస్తుంది.

## రాజకీయం వైపు వచ్చే సందేహాలు

అంగుళం భూమి కూడా వదలం అంటారు కదా, మరి బంగ్లాదేశ్‌కి ఎలా ఇచ్చారు?

ఇచ్చాం, తీసుకున్నాం కూడా. సరిహద్దు లోపల ఒక దేశపు ముక్కలు ఇంకో దేశంలో చిక్కుకుపోయి ఉండేవి. అక్కడి జనానికి ఏ దేశపు బడీ, ఆస్పత్రీ, ఓటూ సరిగా అందేవి కావు. ఈ చిక్కుముడి విప్పడానికి 1974లోనే ఒప్పందం జరిగినా అమలు కాలేదు. భూభాగం వేరే దేశానికి ఇవ్వాలంటే రాజ్యాంగ సవరణ తప్పనిసరని పశ్చిమ బెంగాల్‌లోని బేరుబారి ప్రాంతం వ్యవహారంలో సుప్రీంకోర్టు 1960లోనే చెప్పింది. చివరకు 2015లో 100వ సవరణ జరిగింది. మన 111 ముక్కలు బంగ్లాదేశ్‌లో కలిశాయి, వాళ్ల 51 ముక్కలు మనలో కలిశాయి. ఆ ముక్కల్లో ఉన్న 50 వేల మందికి పైగా జనం ఏ దేశ పౌరులుగా ఉండాలో తామే ఎంచుకున్నారు.

లెక్క చూస్తే మనం ఇచ్చిన నేలే ఎక్కువ. అయినా పార్లమెంటు దాదాపు ఏకగ్రీవంగా ఒప్పుకుంది. సరిహద్దు తేలడం, పొరుగు దేశంతో సఖ్యత, అక్కడి మనుషుల పౌరసత్వం, ఈ మూడూ కలిసి ఆ నేల కంటే బరువైనవని తేల్చుకున్నారు. ఇది సరైన నిర్ణయం.

భాష పేరుతో రాష్ట్రం అడిగితే దేశ ఐక్యతకు ప్రమాదం అన్నారట, నిజమా?

నిజమే, అన్నది కూడా చిన్నవాళ్లు కాదు. దేశ విభజన గాయం పచ్చిగా ఉన్న రోజులవి. 1948లో ధర్ కమిషన్ భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు వద్దంది. తర్వాత నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యల కమిటీ 1949లో దేశ భద్రత, ఐక్యత, ఆర్థిక ప్రగతి ముందు, భాష తర్వాత అని చెప్పింది. జనం కోరిక మరీ బలంగా ఉంటే ఆంధ్ర విషయం చూడవచ్చని మాత్రం కాస్త తలుపు తీసి ఉంచింది.

పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న నిరాహార దీక్షలో ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు నెహ్రూ ప్రకటన చేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో దేశమంతటా భాషను బట్టి రాష్ట్రాల హద్దులు మారాయి. దేశం ముక్కలు కాలేదు. తన భాషలో పాలన దొరికిన జనం దేశానికి ఇంకా దగ్గరయ్యారు.

జాతీయ ప్రయోజనం పేరుతో ఏదైనా వద్దన్నప్పుడల్లా నాకు ఈ చరిత్రే గుర్తొస్తుంది. ప్రమాదం అని పెద్దలు నిజాయితీగా నమ్మినది, కొన్నేళ్లకే దేశానికి బలం అని తేలింది. అడిగిన జనం దేశద్రోహులు కారు, అప్పుడు వద్దన్నవాళ్లూ కారు. కానీ ఆ తేడా తెలియడానికి ఒక మనిషి ప్రాణం పోవాల్సి వచ్చింది.

వంశధార గొడవ, కొఠియా గొడవ జాతీయ ప్రయోజనాల కిందకి వస్తాయా?

రెండు రాష్ట్రాల మధ్య తగాదా కాబట్టి సూటిగా రావు. అటు ఒడిశా రైతు, ఇటు మన రైతు, ఇద్దరూ ఈ దేశం వాళ్లే. ఇక్కడ దేశానికి ముఖ్యమైనది, తగవు చట్టప్రకారం తీరడం. 1962లో వంశధార నీటిని 115 టీఎంసీలుగా లెక్కకట్టి చెరిసగం అనుకున్నారు. తర్వాత నేరడి బ్యారేజీ దగ్గర పేచీ వచ్చింది. 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజలాల వివాదాల చట్టం కింద 2010లో ట్రిబ్యునల్ ఏర్పడి 2017లో తీర్పు చెప్పింది. ఒక తరం రైతులు ఈ కాగితాల మధ్యే ముసలివాళ్లయిపోయారు.

కొఠియా పల్లెలు సాలూరు వైపు కొండల్లో ఉన్నాయి. 2022లో జిల్లాలు విడిపోకముందు అది విజయనగరం జిల్లా. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది, యథాతథ స్థితి కొనసాగించమన్నారు. అక్కడి గిరిజనులకు రెండు రాష్ట్రాల పథకాలూ వస్తాయి, రెండు రాష్ట్రాల అధికారుల ఒత్తిడీ ఉంటుంది.

మన జాలర్లు పాకిస్తాన్‌కి చిక్కితే వాళ్ల విడుదల ఢిల్లీకి అంత ముఖ్యమా?

ముఖ్యమే కావాలి. తన పౌరుడిని కాపాడుకోలేని దేశం సార్వభౌమాధికారం గురించి ఎంత మాట్లాడినా బోలుగానే ఉంటుంది.

2018 నవంబరులో గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ సముద్ర భద్రతా సంస్థ పట్టుకుంది. డి.మత్స్యలేశం లాంటి ఊళ్లలో ఇళ్లకు ఇళ్లు ఏడాదికి పైగా ఎదురుచూశాయి. 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర గేటు దాటి వచ్చారు. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలు ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశపు ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. మీ ఇంటి మనిషి పేరు ఆ జాబితాలో ఉందో లేదో కలెక్టరేట్ ద్వారా, ఎంపీ ద్వారా విదేశాంగ శాఖను అడగవచ్చు.

ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టంలోని 73వ అధికరణ ప్రకారం, ప్రత్యేక ఆర్థిక మండలిలో (తీర దేశానికి చేపల మీద హక్కుండే సముద్ర భాగంలో) చేపల వేట నిబంధన దాటినందుకు, దేశాల మధ్య ఒప్పందం ఉంటే తప్ప జైలు శిక్ష వేయకూడదు. గుజరాత్-పాకిస్తాన్ సరిహద్దులోని సర్ క్రీక్ దగ్గర మాత్రం గీత ఎక్కడో రెండు దేశాలకూ ఏకాభిప్రాయం లేదు. ఆ గీత నీళ్ల మీద కనిపించదు. ఇంత పొడవు తీరం మన ముందే ఉండగా కూలి కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా ఎందుకు పోతున్నారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. సరైన రేవులు లేక, దగ్గర్లో చేప తగ్గి పోతున్నారు. ఆ లోటు తీర్చడం కూడా దేశ భద్రత పనే అని నేనంటాను.

గల్ఫ్‌లో ఉన్న మావాళ్ల సంగతి?

విదేశాల నుంచి మనవాళ్లు పంపే డబ్బు 2022 నుంచి ఏటా 100 బిలియన్ డాలర్లు దాటుతోంది. ప్రపంచంలో ఇలా ఎక్కువ డబ్బు అందుకునే దేశం మనదే. 1990లో కువైట్ యుద్ధం వచ్చినప్పుడు సుమారు 1.7 లక్షల మందిని విమానాల్లో వెనక్కి తెచ్చారు. 2015లో యెమెన్, 2022లో ఉక్రెయిన్ నుంచి కూడా తెచ్చారు. గల్ఫ్ దేశాలతో స్నేహం మనకు నూనె (ముడి చమురు) కోసం ఎంత అవసరమో ఈ మనుషుల కోసమూ అంతే అవసరం.

## ఆర్థికం వైపు వచ్చే సందేహాలు

1991లో బంగారం తాకట్టు పెట్టారంటారు. అప్పుడు అసలేం జరిగింది?

గల్ఫ్ యుద్ధంతో నూనె ధర పెరిగింది, అక్కడినుంచి వచ్చే డబ్బు తగ్గింది, అప్పులిచ్చేవాళ్లు వెనక్కి తగ్గారు. విదేశీ మారక నిల్వలు కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థాయికి పడిపోయాయి. 1991 జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర పెట్టి సుమారు 400 మిలియన్ డాలర్లు తెచ్చింది. అప్పు తీర్చి బంగారాన్ని విడిపించుకున్నారు. కానీ అప్పు ఇచ్చిన సంస్థలు చెప్పిన షరతుల మధ్యే దేశ ఆర్థిక విధానం మలుపు తిరిగింది. డాలర్లు నిల్వ ఉంచుకోవడాన్ని అప్పటినుంచి ప్రతి ప్రభుత్వమూ భద్రత విషయంగానే చూస్తోంది.

తిండి గింజల విషయంలో డబ్ల్యూటీవోలో (ప్రపంచ వాణిజ్య సంస్థలో) అంత మొండిగా ఎందుకుంటాం?

1965, 1966 కరువుల్లో అమెరికా గోధుమ ఓడల కోసం ఎదురుచూసిన అనుభవం వల్ల. ఆ గోధుమ కొంచెం కొంచెంగా వదులుతూ, వియత్నాం యుద్ధం మీద మన మాటలు తగ్గించుకోవాలని ఒత్తిడి తెచ్చారు. తిండి చేతిలో లేకపోతే నోరు కూడా మనది కాదని ఢిల్లీకి అప్పుడే తెలిసింది. హరిత విప్లవానికి ఉన్న తొందర అక్కడిది.

రైతు దగ్గర మద్దతు ధరకు కొని రేషన్‌లో ఇచ్చే పద్ధతి డబ్ల్యూటీవో సబ్సిడీ లెక్కలకు తగిలింది. 2013లో బాలిలో తాత్కాలిక రక్షణ దొరికింది. అది శాశ్వత పరిష్కారం వచ్చేదాకా ఉండాలని 2014లో భారత్ ఇంకో ఒప్పందాన్ని ఆపి మరీ పట్టుబట్టి సాధించింది. రణస్థలంలోనో గజపతినగరంలోనో రేషన్ బియ్యం తెచ్చుకునే కుటుంబానికి ఆ డబ్ల్యూటీవో చర్చతో సంబంధం ఉంది.

రష్యా నూనె ఢిల్లీ కొంటే మా రొయ్యల చెరువుకి దెబ్బ ఎందుకు తగిలింది?

ఈ ప్రశ్న అడిగిన రైతుకు నేను దండం పెడతాను, ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మన ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే. 2022కి ముందు అందులో రష్యా వాటా 2 శాతం కూడా లేదు. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా ధర తగ్గించింది, మనం కొన్నాం, వాటా మూడో వంతు దాటింది. ఎవరి దగ్గర కొనాలో మేమే నిర్ణయించుకుంటాం అన్నది సార్వభౌమాధికారం, చవగ్గా దొరికింది అన్నది ఆర్థికం. రెండు విధాలా సమర్థించుకోదగ్గ నిర్ణయమే.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద 25 శాతం సుంకం వేసి, రష్యా నూనె కారణం చూపి ఇంకో 25 కలిపింది. అలా ఆగస్టు 27 నుంచి అది 50 శాతం అయింది. రొయ్యలు ఎక్కువగా పండించే రాష్ట్రం మనది, వాటికి పెద్ద మార్కెట్ అమెరికా. పూసపాటిరేగ, భోగాపురం వైపు హేచరీలవాళ్లు, చెరువులవాళ్లు, తలలు తీసే షెడ్లలో రోజు కూలికి వెళ్లే ఆడవాళ్లు నూనె కొనుగోలు గురించి ఎవరితోనూ సంతకం పెట్టలేదు. లాభం దేశమంతా పంచుకుంది, దెబ్బ ఒక తీరం మీద ఎక్కువ పడింది. నిర్ణయం తప్పని నేననను. దేశం కోసం భారం మోసినవాళ్లకు రుణ వాయిదా, కొత్త మార్కెట్లు, కూలీలకు సాయం దేశం బాధ్యతగా ఇవ్వాలంటాను. అది దయ కాదు, బాకీ.

పలాస జీడిపప్పుకి విదేశీ పిక్కలు ఎందుకు? మన రైతుకి నష్టం కాదా?

పలాస-కాశీబుగ్గ ఫ్యాక్టరీలకు కావలసినంత పిక్క ఉద్దానం తోటలు ఇవ్వలేవు, పైగా తిత్లీ తుపాను 2018లో తోటల్ని ఊడ్చేసింది. అందుకే ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు వస్తాయి. దిగుమతి సుంకం పెంచితే రైతుకు ధర నిలబడుతుంది, కానీ ఫ్యాక్టరీకి ముడి సరుకు ప్రియమై వియత్నాంతో పోటీలో వెనకబడుతుంది, పిక్క ఒలిచే ఆడవాళ్లకు పని తగ్గుతుంది. తగ్గిస్తే ఫ్యాక్టరీ నడుస్తుంది, రైతు గొంతు ఎండుతుంది. ఒకే ఊళ్లో రెండు న్యాయమైన ప్రయోజనాలు ఎదురుబొదురుగా నిలబడ్డాయి. 'జాతీయ' అన్న మాట ఈ తగవును తీర్చదు, పంట కోత సమయం చూసి సుంకం మార్చడం లాంటి ఓపికైన పనులే తీరుస్తాయి.

యుద్ధం వస్తే నూనె ఎన్నాళ్లు ఆగుతుంది?

విశాఖలో 13.3 లక్షల టన్నులు, మంగళూరులో 15 లక్షలు, పాదూరులో 25 లక్షల టన్నులు పట్టే భూగర్భ నిల్వలున్నాయి. నిండుగా ఉంటే దేశానికి తొమ్మిది రోజుల పైచిలుకు సరిపోతాయి. చమురు కంపెనీల దగ్గర ఉండే నిల్వలు దీనికి అదనం.

మా బీచ్ ఇసుకలో ఏముందని అంత కాపలా?

భావనపాడు, కళింగపట్నం తీరాల ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్, మోనజైట్ లాంటి బరువైన ఖనిజాలున్నాయి. మోనజైట్‌లో థోరియం, అరుదైన మూలకాలు ఉంటాయి. థోరియం మన మూడు దశల అణు కార్యక్రమంలో చివరి దశకు ఇంధనం. అందుకే మోనజైట్ అణు ఖనిజంగా కేంద్రం నియంత్రణలో ఉంటుంది. అరుదైన మూలకాలతో చేసే అయస్కాంతాలు కరెంటు బండ్లకూ క్షిపణులకూ కావాలి. 2025 ఏప్రిల్‌లో చైనా వాటి ఎగుమతిపై ఆంక్షలు పెట్టగానే ప్రపంచమంతా కార్ల ఫ్యాక్టరీలు ఉక్కిరిబిక్కిరయ్యాయి. కేంద్రం 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో ఇవి ఉన్నాయి.

తవ్వకం అంటే ఇసుక దిబ్బలు కదపడమే. ఆ దిబ్బలే తుపానుకు ఊళ్లను కాసేది. ఈ రెండో సంగతి ఆ ఖనిజాల జాబితాలో రాయలేదు కాబట్టి ఊరివాళ్లే గుర్తుచేయాలి.

## సంస్కృతి వైపు వచ్చే సందేహాలు

సంస్కృతి కూడా దేశానికి ప్రాణమవుతుందా, అది ఉపన్యాసాల మాట కాదా?

పాకిస్తాన్‌ని అడగండి. ఉర్దూ ఒక్కటే జాతీయ భాష అని పట్టుబట్టారు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీ కోసం విద్యార్థులు ప్రాణాలిచ్చారు. 1971 నాటికి దేశమే రెండయింది. ఆ తేదీనే యునెస్కో 1999లో అంతర్జాతీయ మాతృభాషా దినంగా ప్రకటించింది. ఫ్రాన్స్ 1993లో ప్రపంచ వాణిజ్య చర్చల్లో సినిమాలనూ టీవీ కార్యక్రమాలనూ మామూలు సరుకులా చూడొద్దని పట్టుబట్టింది. సంస్కృతిని తేలిగ్గా తీసుకున్న దేశం నేల కూడా పోగొట్టుకోవచ్చని చరిత్రలోనే ఉంది.

పొందూరు ఖద్దరు, బొబ్బిలి వీణలకు దీంతో సంబంధం ఏమిటి?

పనితనం జనం సొత్తు. దాన్ని కాపాడకపోతే ఇంకెవరో పేరు పెట్టుకుంటారు. 1995లో అమెరికాలో పసుపుతో గాయం మాన్పడంపై పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి (సీఎస్‌ఐఆర్) పాత గ్రంథాల్లో అది ఉందని చూపించి 1997లో రద్దు చేయించింది. తర్వాత వచ్చిన భౌగోళిక గుర్తింపు చట్టం 2003 నుంచి అమల్లో ఉంది. బొబ్బిలి వీణకు, బుడితి ఇత్తడి సామాన్లకు ఆ గుర్తింపు దొరికింది.

గుర్తింపు పత్రం మాత్రం మగ్గం నడపదు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసి, చేత్తో వడికే ఆడవాళ్లకు రోజుకు ఎంత గిడుతుందో చూస్తే కొత్త తరం ఎందుకు రావట్లేదో తెలుస్తుంది. కూలి పెరగనంతవరకు ఆ విద్య పెద్దవాళ్లతోనే ఉండిపోతుంది.

సవర పిల్లల భాష గురించి దేశం ఎక్కడైనా మాట ఇచ్చిందా?

ఇచ్చింది. 29వ అధికరణ ప్రకారం ఏ సమూహానికైనా తన భాష, లిపి, సంస్కృతి కాపాడుకునే హక్కుంది. 350-ఏ అధికరణ భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు సౌకర్యాలు కల్పించమంటుంది. ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్నాయి. 2003 నాటి 92వ సవరణతో సంతాలీ, బోడో చేరాయి, సవర లేదు. షెడ్యూలులో లేకపోయినా 29, 350-ఏ అధికరణలు వర్తిస్తాయి, ఈ సంగతి చాలామందికి తెలియదు. మన జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందటే సవర నేర్చుకుని, వాచకాలు రాసి, వాళ్ల పిల్లలకు బడులు పెట్టారు. ఏజెన్సీ బడిలో మొదటి తరగతి పిల్లకి అర్థమయ్యే మాటలో పాఠం చెప్పడం ఆయన రోజుల్లో ఎంత అవసరమో ఇప్పుడూ అంతే.

శాలిహుండం లాంటి చోట్లకి విదేశాంగ విధానంతో పనేముంది?

బౌద్ధం ద్వారా శ్రీలంక, థాయిలాండ్, మంగోలియా, జపాన్‌లతో మనకు పాత బంధుత్వం. బుద్ధుని ధాతువులను 2012లో శ్రీలంకకు, 2022లో మంగోలియాకు, 2024లో థాయిలాండ్‌కు దర్శనం కోసం పంపారు. వంశధార ఒడ్డున శాలిహుండం స్తూపాలు, కళింగపట్నం పాత రేవు ఆ దారిలో ఉన్నవే. చూడ్డానికి వచ్చినవాళ్లకు మంచి రోడ్డు, వివరం చెప్పే మనిషి ఉంటే చాలు.

## విషయం మన ఊరి దాకా వచ్చినప్పుడు

దేశం కోసం అంటే భూమి ఇచ్చేయాల్సిందేనా?

2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీకైతే బాధిత భూ కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికి 70 శాతం సమ్మతి కావాలి. ప్రభుత్వం తన సొంత అవసరానికి తీసుకుంటే సమ్మతి అక్కర్లేదు, పరిహారం, పునరావాసం మాత్రం తప్పవు. అత్యవసర నిబంధన రక్షణ, జాతీయ భద్రత, ప్రకృతి విపత్తులకు, పార్లమెంటు ఆమోదం ఉన్న ఇతర అత్యవసరాలకు పరిమితం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ సమ్మతి కావాలి. రాష్ట్ర సవరణలతో కొన్ని ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా మినహాయించే వీలుంది, కాబట్టి నోటిఫికేషన్ ఏ సెక్షన్ కింద వచ్చిందో మొదట చూడండి. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి, రశీదు తీసుకోండి.

సోంపేట, కాకరాపల్లిలో జనం అడ్డుకున్నది దేశాభివృద్ధినా?

వాళ్లు అడ్డుకున్నది బీల అనే చిత్తడి నేలనీ తంపర అనే పల్లపు భూముల్నీ పాడుచేయడాన్ని. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర థర్మల్ కేంద్రాలకు వ్యతిరేకంగా నిలబడిన జనంపై పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. కాల్పులు జరిగిన రోజే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ సోంపేట ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. బంజరు అని కాగితం మీద రాసిన చోట నీళ్లూ చేపలూ వరీ ఉన్నాయని రైతులు ముందునుంచీ చెబుతూనే ఉన్నారు.

కరెంటు దేశానికి అవసరమే. చిత్తడి నేల కూడా దేశానిదే. ఆ నేల గురించి బాగా తెలిసినవాళ్లను ముందుగా కూర్చోబెట్టి వింటే ఆ ప్రాణాలు నిలిచేవి.

కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

రణస్థలం మండలంలోని కొవ్వాడలో అమెరికా పరిజ్ఞానంతో 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్నది ప్రణాళిక. మూడు లెక్కలు కలిసి ఉన్నాయి: బొగ్గు పొగ లేని కరెంటు, 2008 ఒప్పందంతో అమెరికాతో కుదిరిన స్నేహం, సాంకేతికత. 2010లో చేసిన అణు నష్ట పౌర బాధ్యత చట్టం పరికరాలు అమ్మినవాళ్ల మీద కూడా బాధ్యత పెట్టింది. భోపాల్ అనుభవం తర్వాత అది సహజమే. విదేశీ కంపెనీలు వెనకాడటానికి అదే పెద్ద కారణమైంది. 2025లో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది. ప్రమాదం జరిగితే ఎవరు కడతారన్న ఆ బేరం ఢిల్లీలో, వాషింగ్టన్‌లో జరుగుతుంది, నివాసం ఉండేది మాత్రం కొవ్వాడ మత్స్యకారులు. ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు బాధ్యత గురించి, ఇల్లు ఎక్కడిస్తారు, పడవ ఎక్కడ కడతాం అన్న దాని గురించి సూటిగా అడగాలి.

ఉద్దానం కిడ్నీ జబ్బు జాతీయ ప్రయోజనం కాదా?

నా దృష్టిలో అవును. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు పనిచేసే వయసు మనుషులే మంచాన పడుతున్నారు. కారణం ఇదీ అని వైద్య శాస్త్రం ఇంకా తేల్చలేదు. హిరమండలం నుంచి మంచినీటి పథకం, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి వచ్చాయి. 47వ అధికరణ ప్రజారోగ్యం మెరుగుపరచడాన్ని రాజ్యం ప్రాథమిక విధుల్లో ఒకటిగా చెబుతోంది. సరిహద్దులో కాపలా కాసే సైనికుల్లో ఈ ఊళ్ల పిల్లలెందరో ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నల రక్తపరీక్ష ఫలితం దేశ బలం లెక్కలోకి రాకపోతే ఆ లెక్క సగమే.

ఒప్పందాలు చేసేటప్పుడు పార్లమెంటునీ రాష్ట్రాన్నీ అడుగుతారా?

తప్పనిసరి కాదు. విదేశీ ఒప్పందాలు కేంద్ర జాబితాలో ఉన్నాయి, కేంద్ర ప్రభుత్వమే సంతకం పెట్టవచ్చు. అమలుకు చట్టం కావాలంటే 253వ అధికరణ కింద, రాష్ట్ర జాబితాలోని వ్యవసాయం మీద కూడా, పార్లమెంటు చట్టం చేయగలదు. సంతకానికి ముందు రాష్ట్రాలను సంప్రదించే కట్టుబాటు ఉంటే మంచిదన్నది నా అభిప్రాయం. ప్రస్తుతానికి ఎంపీ ద్వారా ప్రశ్న వేయించడం, వాణిజ్య శాఖకు రాతపూర్వకంగా అభిప్రాయం పంపడం మనకున్న దారులు.

'దేశ భద్రత' అని చెప్పి సమాచారం ఇవ్వకపోతే ఏం చేయాలి?

అక్కడితో ఆగిపోకండి. 2005 సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 8(1)(ఏ) సార్వభౌమత్వం, భద్రత, వ్యూహాత్మక, ఆర్థిక ప్రయోజనాలకు హాని చేసే సమాచారాన్ని ఆపవచ్చంటుంది. అదే చట్టంలో సెక్షన్ 8(2), హాని కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చని చెబుతుంది. సెక్షన్ 10 ప్రకారం రహస్యమైన భాగం తీసేసి మిగతాది ఇవ్వాలి. కాబట్టి దరఖాస్తులో మొత్తం ఫైలు అడగకుండా ముక్కలుగా అడగండి: భూమి సర్వే నంబర్లు, పరిహారం లెక్క, పర్యావరణ అనుమతి షరతులు, గ్రామసభ తీర్మానం నకలు. వీటిలో దేశ రహస్యం ఏమీ ఉండదు. 30 రోజుల్లో జవాబు రావాలి, ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటల్లో. రాకపోయినా, నిరాకరించినా 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయాలి. రాష్ట్ర శాఖలైతే రాష్ట్ర కమిషన్, అణుశక్తి శాఖ లాంటి కేంద్ర సంస్థలైతే కేంద్ర కమిషన్.